తాటిచేవ అంచు

తెలుపు నాలుగు రకాలట. పాలతెలుపు, వెన్నతెలుపు, దంతపు తెలుపు, ముత్యపుచిప్ప తెలుపు అని ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి పేరు చెప్పి, వడ్రంగి బంగారయ్య నా ముఖంలోకి చూస్తున్నాడు. ఆ సన్నని పట్టీలు ఎండకు ఆరవేసిన ఈనెల మాదిరి బల్ల మీద వరసగా పడి ఉన్నాయి. వాటి పక్కన ఎర్రచేవ పట్టీ ఒకటి. చేపముల్లు వలె ఏటవాలు గీతలు అల్లిన పట్టీ ఒకటి. కొబ్బరిచిప్పను అద్దంలా అరగదీసి ముక్కలు పేర్చిన వలయం ఒకటి, అది గిటారు నోటి చుట్టూ పొదగడానికట. అన్నిటికీ అవతల, ఎవరూ అడగరని కాబోలు, బల్ల కొసకు తోసేసిన నల్లని తాటిచేవ పట్టీ. నడుమ గిటారు. దానికింకా మెడ లేదు, తీగలు లేవు. నడుము నొక్కిన ఆ వట్టి ఒంటి చుట్టూ అంచు వెంబడి సన్నని గాడి తీసి ఉన్నది. ఆ గాడిలో ఏ పట్టీ కూర్చోవాలో చెప్పవలసినవాణ్ణి నేను. గిటారు మాత్రం నాది కాదు. నా భార్య ఇందిరది.

"ఇవాళ తేలిపోవాలండి మేస్టారూ," అంటున్నాడు బంగారయ్య. "రేపు మండపేట పోతన్నానండి, మిల్లువారింట్లో తలుపుల పని. మళ్లీ ఎప్పటికొస్తానో నాకే తెలీదు. అమ్మగారేమో మంచి శుక్రవారానికి అందాలంటన్నారు. ఆయ్."

మంచి శుక్రవారానికి, ప్రభువు సిలువనెక్కిన రోజుకు. ఆ మాట విన్నప్పుడల్లా పంటి కింద రాయి పడినట్టవుతుంది నాకు. ఇందిర రెండు వీధుల అవతల కంటి ఆసుపత్రిలో ఉన్నది. పొద్దున్న రాజోలులో బస్సెక్కినప్పుడే చెప్పింది: కళ్లలో మందు వేస్తారు, సాయంత్రం దాకా దగ్గరి వస్తువేదీ కనిపించదు, కాబట్టి అంచు సంగతి మీరే చూడండి, ఏదో ఒకటి చెప్పెయ్యండి అని. ఏదో ఒకటి. ఎడారిలో తన గుడారం కట్టించుకున్నప్పుడు దేవుడు ఏదో ఒకటి అనలేదు. మందసానికి చుట్టూ జవ, ఆ బంగారు అంచు, ఎలా ఉండాలో చెప్పాడు, బల్ల అంచుకు బద్దె ఎంత వెడల్పో చెప్పాడు, ప్రధాన యాజకుని నిలువుటంగీ అంచున గంట పక్కన దానిమ్మ, దానిమ్మ పక్కన గంట అని వరస కూడా చెప్పాడు. లోపలి మహిమ అంతా తానే అయినవాడు అంచుల గురించి అంత పట్టుబట్టాడంటే అంచు చిన్న సంగతి కాదు. సీసపద్యం ఎంత గంభీరంగా నడిచినా కింద ఎత్తుగీతి లేకపోతే అది పద్యం కాదు, తెగిన గుడ్డ. నేను రాసిన సీసాలకు అంచు వేసినది ఇందిర గొంతే. పెద్ద పాదాలు గబగబ నడిపించి, ఎత్తుగీతి దగ్గర ఆగి, చివరి మాటను సాగదీస్తూ ఉంటే, నా ఎడమచెయ్యి హార్మోనియం తిత్తిని ఆమె ఊపిరితో పాటే నెమ్మదిగా మూసేది. ఆమె ఊపిరి ఎంత దూరం వస్తుందో నా ఎడమచేతికి తెలుసు. అది ఇంకెవరికీ తెలియదని నలభై ఏళ్లు నిశ్చింతగా ఉన్నాను.

ఇప్పుడు బంగారయ్యకు కూడా ఏదో తెలుసు. ఈ గిటారు మెడ సన్నగా చెయ్యాలని, ఆమె వేళ్లు చిన్నవని, ఉంగరపు వేలు కణుపు దగ్గర వాపున్నదని, దారం పెట్టి ఆమె అరచెయ్యి కొలిచాడట. ఆ సంగతి ఇందిర ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. నా భార్య అరచెయ్యి కొలత నాకు తెలియదు. పెళ్లినాడు గాజులు కూడా వాళ్ల అన్నయ్య కొని తెచ్చాడు. ముప్పై అయిదేళ్లు ఎందరి చేతుల్లోనో సూదులు గుచ్చి, ఎందరి గాయాలకో కట్లు కట్టిన నర్సమ్మ చెయ్యి అది. దాన్ని ఒకడు దారం పెట్టి కొలిచి, ఆ కొలతతో కర్ర చెక్కుతాడని నేనెన్నడూ అనుకోలేదు. వడ్రంగి మీద కూడానా నీ రోషం అని నన్ను నేనే అడిగాను. అవును, వడ్రంగి మీద కూడా. తనను గురించి తాను చెప్పుకున్నప్పుడు దేవుడు వాడిన మాటల్లో రోషం ఒకటి. మట్టి మనిషికి అది ఊపిరి ఊదినప్పుడే అంటుకొని ఉంటుంది.

వేలు నాకు తెలియకుండానే దంతపు తెలుపు మీద ఆగింది. కొత్త తెలుపు కాదది; ఏళ్ల తరబడి ఎవరో ముట్టుకొని ముట్టుకొని పచ్చబరచిన తెలుపు. ప్లాస్టిక్కేనండి అంటున్నాడు బంగారయ్య, ఏనుగుల్ని చంపలేదండి, భయపడకండి. చల్లగా ఉన్నది. ఎక్కడో తెలిసిన నునుపు. ఎక్కడని వెతికితే దొరకలేదు గాని, ఇదే అనేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అప్పుడే బయట మోటారు సైకిలు ఆగింది, గుమ్మంలో ప్రవీణ్ కుమార్ నిలబడ్డాడు, చేతిలో తీగల పొట్లం.

"వందనాలండీ మాస్టారూ."

వీడే. మా సంఘంలో ఆరాధన పాటలు నడిపించేవాడు, బ్యాంకులో ఉద్యోగి, తొమ్మిదో తరగతిలో నా దగ్గర పద్యం అప్పజెప్పలేక గుమ్మం దగ్గర నిలబడినవాడు. పదవీ విరమణ అయ్యాక ఇందిరకు గిటారు నేర్చుకోవాలని బుద్ధి పుడితే, ప్రతి బుధవారం మా వరండాలో కూర్చొని నేర్పించినవాడు. నాకు అతని మీద చెడు తలంపు లేదు. ఆ ఇద్దరి మధ్య దేవుడు చూడకూడనిదేదీ లేదని నాకు తెలుసు, దేవుడికీ తెలుసు. చెడు ఉంటే నయం; దానికి పేరున్నది, ధర్మశాస్త్రంలో దానికి విధి ఉన్నది. నన్ను దొలిచేది వేరు. లోపల గదిలో వాక్యం తెరిచి పెట్టుకొని కూర్చున్న నాకు వరండాలో తీగ తప్పుగా మోగడం వినబడేది, వెంటనే ఇందిర నవ్వడం వినబడేది. తప్పు పడితే నవ్వు. మళ్లీ తప్పు, మళ్లీ నవ్వు. నా పద్యాలు పాడినన్నాళ్లూ ఆమెకు తప్పు పడలేదు. యతి దగ్గర ఊపిరి తీసుకోనివ్వలేదు నేను, ఒక్క దీర్ఘం కురచ కానివ్వలేదు. కనుక ఆ నవ్వు నేను వినలేదు. అరవై అయిదేళ్ల మనిషిలో అంత నవ్వున్నదని బుధవారం బుధవారం గోడ అవతలి నుంచి తెలుసుకున్నాను.

"కూర్చో ప్రవీణూ."

"పర్లేదండి. మీ ఎదురుగా కూర్చుంటే పద్యం అప్పజెప్పమంటారేమోనని ఇప్పటికీ భయమేనండి."

"అప్పజెప్పు మరి."

"మొదటి పాదం వచ్చండి. మిగతా మూడూ అప్పట్లో మీరే మాఫీ చేసేరు."

బంగారయ్య చిత్రిక పక్కన పెట్టి మరీ నవ్వాడు. "నాకు పద్యాలు రావు గానండి, కోనసీమలో ఏ గుడికైనా వెళ్లండి, బోధకులు నిలబడే బల్ల నేను చేసిందే ఉంటాది. పద్యం మర్చిపోతారండి, బల్ల మర్చిపోరు." తన పని గురించి తాను పొగుడుకోవడంలో బంగారయ్యకు మొహమాటం లేదు. ప్రవీణ్ కుమార్ అతని మాటలు వింటూనే బల్ల దగ్గరికి వచ్చాడు, పట్టీల మీద చూపు పరిగెత్తించాడు. వీడి చూపు ఎక్కడ ఆగుతుందోనని నేను చూస్తూ ఉన్నాను. వీడి వేలు తిన్నగా వెళ్లి దంతపు తెలుపు మీద, నా వేలి గుర్తు ఇంకా ఆరని చోట, ఆగింది.

"ఇదేనండి. ఇందిరమ్మగారికి ఇదే నచ్చుతుంది."

"నీకెలా తెలుసు?"

వాడు తడబడ్డాడు. పొట్లం ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "అంటే... అనిపించిందండి." చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిదో తరగతిలో కూడా అబద్ధమాడినప్పుడు వీడి చెవులే ఎర్రబడేవి. కాబట్టి ఇందిర చెప్పింది. నాకు చెప్పలేదు, వీడికి చెప్పింది. ఏదో ఒకటి చూడండి అని నాకు. ఫలానా రంగు నాకిష్టం అని వీడికి. వరండాలో, ఆ నవ్వుల మధ్య, నేను గోడ ఇవతల ఉండగానే చెప్పి ఉంటుంది.

పోయిన ఏడు మంచి శుక్రవారం. సిలువ మీది ఏడు మాటల్లో అయిదో మాటకు, దప్పిక మాటకు, నా సీసం పాడడం మా సంఘంలో వాడుక. పద్యం నాది, గొంతు ఇందిరది, తిత్తి నాది. పోయిన ఏడు దైవసేవకులు చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే పాట కావాలన్నారు. ఇందిర లేచి వెళ్లి ప్రవీణ్ కుమార్ పక్కన, అరువు గిటారు పట్టుకొని, వాడు కట్టిన పాట పాడింది. నా హార్మోనియం పెట్టె మూతలోనే ఉన్నది. పాట బాగున్నది. అది చెప్పకపోతే అబద్ధసాక్ష్యం అవుతుంది. వెనుక వరసలో ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. చివరి మాట ఆమె సాగదీసినప్పుడు నా ఎడమచెయ్యి, ఒళ్లో ఉన్నది, దానంతటది నెమ్మదిగా మూసుకుంది. గాలి లేని తిత్తి. ఇంటికి వచ్చాక ఎలా ఉంది అని అడిగింది. మూడో చరణంలో ప్రాస కుదరలేదు అన్నాను. ఆమె కూర తరుగుతూ తలూపింది.

"ఆ నల్లది," అన్నాను.

బంగారయ్యకు అర్థం కాలేదు. బల్ల కొసన ఉన్న తాటిచేవ పట్టీని వేలితో చూపించాను.

"తాటిదాండి? అది నా పనితనం చూపించుకుందామని కోసుకున్నానండి గానీ ఎవరూ అడగలేదు. చూపుకి బాగుంటాదండి, నలుపులో ఆ సన్నగీతలు ఏ మిషనూ గియ్యలేదు. కాపోతే పీచు కర్రండి. కుడిచెయ్యి ఆనేచోట బాగా రుద్దాలి. ఎన్నాళ్లు రుద్దినా చాలదండి."

"రుద్దకపోతే?"

"గుచ్చుకుంటాదండి."

"అదే వెయ్యి," అన్నాను.

ప్రవీణ్ కుమార్ దంతపు తెలుపు వంక మరోసారి చూశాడు. తాటిచేవ సంగతి బంగారయ్య నాకు చెప్పనక్కరలేదు. పేటలో మా నాన్న కట్టిన తాటాకింటికి దూలాలు తాటివి, వాసాలు తాటివి. మాలో ప్రతి పిల్లవాడి అరచేతిలో ఏదో ఒక వేసవిలో ఆ నల్లని పీచు విరిగింది. కంటికి కనబడదు, వేలికి తెలియదు, నిద్రలో సలుపుతుంది. ఆ సలుపు ఎలాంటిదో తెలిసే చెప్పాను. ఆమె వాడి పాట వాయిస్తూ ఉండగా మోచేతి కింద ఒక్కసారి చురుక్కుమనాలని, ఆ ఒక్క క్షణమైనా నవ్వు ఆగాలని, తెలిసే చెప్పాను.

బంగారయ్య ఇనుప గొట్టం కింద మంట పెట్టాడు. తడిపిన పట్టీని కాగిన గొట్టానికి ఆనించి నెమ్మదిగా వంచుతుంటే ఆవిరి లేచింది. మా నాన్న ఇంట్లో తొలి వాన పడిన రోజు వాసన. ఎవరో టీ గ్లాసు నా చేతిలో పెట్టారు. టీ మీద రంపపు పొట్టు తేలుతున్నది. రోషపు ధర్మం గుర్తుకు వచ్చింది. భార్య మీద భర్తకు రోషాత్మ కలిగితే నూనె పొయ్యని, సాంబ్రాణి వెయ్యని యవల పిండితో నైవేద్యం. మట్టిపాత్రలో నీళ్లు, ఆ నీళ్లలో గుడారపు నేల మీది ధూళి. ఆ చేదునీళ్లు ఆమె తాగాలి. నిర్దోషి అయితే ఏమీ కాదు. పిల్లల బైబిలు తరగతిలో ఎన్నిసార్లో చెప్పిన అధ్యాయం, కాని ఒక్కరూ నన్ను అడగని ప్రశ్న ఇవాళ తోచింది: ఆమె నిర్దోషి అని తెలిసి కూడా రోషం పోని భర్తకు ఏ నీళ్లు తాగించాలో అందులో రాసి లేదు. పొట్టును ఊదలేదు, వేలితో తీయలేదు. నేలమీది ధూళితో సహా టీ మొత్తం తాగాను. చేదుగా లేదు. బంగారయ్య ఇంటివాళ్లు పంచదార ఎక్కువ వేస్తారు.

గాడిలో జిగురు పూసి, వంగిన నల్లని పట్టీని నొక్కి కూర్చోబెట్టి, సైకిలు ట్యూబును నిలువునా చీల్చిన పొడుగాటి రబ్బరుతో గిటారు ఒంటి చుట్టూ బిగించి చుట్టడం మొదలుపెట్టాడు బంగారయ్య. చుట్టు మీద చుట్టు, అడ్డంగా, ఏటవాలుగా. కాసేపటికి అది గిటారులా లేదు, ప్రమాదంలో దెబ్బలు తగిలి కట్లు కట్టించుకున్న మనిషిలా ఉంది. ఆ కట్ల సందుల్లోంచి నా నలుపు సన్నగా కనిపిస్తున్నది. చిత్రం, అందంగా ఉన్నది. అందంగా ఉన్నందుకు కూడా నాకు కోపం వచ్చింది.

ఆటో చప్పుడు. నేను లేచేలోపల ప్రవీణ్ కుమార్ గుమ్మం దాటాడు. వాడి కాళ్లు నా కాళ్లకంటే ఇరవై అయిదేళ్లు చిన్నవి. ఇందిర నల్లకళ్లద్దాలు పెట్టుకొని, వాడి మోచెయ్యి ఆసరాగా, పాదాలతో నేలను వెతుక్కుంటూ లోపలికి వచ్చింది.

"అయ్యిందాండీ?"

"అంటించేస్తన్నానండి అమ్మగారూ."

ఆమె చేతులు ముందుకు చాచి బల్లను పట్టుకుంది, బల్ల నుంచి గిటారును పట్టుకుంది. రబ్బరు కట్ల మీద వేళ్లు నడిపించి, "వార్డుకి పంపించేసేరేంటి దీన్ని" అని నవ్వింది. ఆ నవ్వే. గోడ లేకుండా ఇంత దగ్గరగా విన్నాను. "దంతం రంగేగా?"

ప్రవీణ్ కుమార్ నేల చూస్తున్నాడు.

"నలుపు," అన్నాను. "తాటిచేవ."

"నలుపా." వేళ్లు ఆగిపోయాయి. నల్లద్దాల వెనుక ఏమున్నదో నాకు తెలియలేదు. "మీ హార్మోనియం మెట్లు పచ్చబడి అచ్చం ఆ రంగుకే వచ్చేయి గదండీ. రోజూ మీ వేళ్లు తిరిగే రంగు, చూడగానే అక్కడే ఆగుతారనుకున్నాను. మంచి శుక్రవారం నాడు రెండూ పక్కపక్కన పెడితే జంటగా ఉంటాయని. ఈసారి మీ సీసమే పాడతానని గుడిలో అయ్యగారితో చెప్పేసేను. ఎత్తుగీతికి తీగలు ఎలా మీటాలో నేర్చుకోడానికే ఇన్ని బుధవారాలు పట్టింది. మీకు ముందే చెప్పద్దని ప్రవీణ్‌తో ఒట్టు వేయించుకున్నాను. పాపం, నిలబెట్టుకున్నట్టున్నాడు."

నా వేలు ఆగింది కదా. ఆగింది, అక్కడే ఆగింది, అది నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. సంతోషించవలసిన సమయం, సంతోషం వస్తున్నది కూడా, కాని దానికంటే ముందుగా మరొకటి వచ్చి గుమ్మంలో నిలబడింది: నాకోసం దాచిన మాట కూడా ముందు వీడి చెవినే పడింది. వీడు ఇన్నాళ్లూ నా ముందు తిరుగుతూ, నాకు తెలియని నా సంతోషాన్ని జేబులో పెట్టుకొని ఉన్నాడు. ఈ రోషానికి అడుగు అనేది ఉన్నదా ప్రభువా.

"జిగురు ఇంకా పట్టలేదండి," అన్నాడు బంగారయ్య. "ఇప్పుడంటే ఊడదీసెయ్యచ్చు. తెల్లది వేసేస్తాను. మీరు ఊ అనండి."

"ఊడదియ్యి," అన్నాను.

"వద్దు." ఇందిర రెండు అరచేతులూ కట్టు మీద పరిచి పెట్టింది. ఆ అరచేతుల కొలత ఇప్పుడు నా కళ్ల ముందు ఉంది. "నా పెళ్లిచీర మీ అక్కయ్య ఎంచింది. గాజులు మా అన్నయ్య ఎంచేడు. మీ అంతట మీరు నాకోసం ఎంచింది ఇదొక్కటే గదండీ. ఉండనివ్వండి. అయినా హార్మోనియం మెట్లలో నల్లవి లేవా ఏంటి?"

ఎందుకు ఎంచానో నాకు తెలుసు. కుడిచెయ్యి ఆనేచోటు ఎక్కడో బంగారయ్యను అడిగి తెలుసుకోవాలి, మండపేట వెళ్లేముందు గరుకు కాగితం అడిగి తీసుకోవాలి, ఎన్నాళ్లు రుద్దినా చాలదన్నాడు, అన్నాళ్లూ రుద్దాలి అని మాత్రం అనుకుంటున్నాను. ఆమె వేళ్లు మళ్లీ కదిలాయి. నడుము వంపు దగ్గర ఆగాయి.

"బంగారయ్యా, ఇక్కడ వదులుగా ఉంది. ఇలా వదిలేస్తే పైకి లేస్తుంది."

"లేదండి అమ్మగారూ, నేనే బిగించేనండి."

"కళ్లకి మందేసేరు గానీ వేళ్లకి వెయ్యలేదయ్యా."

బంగారయ్య వంగి చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆమె ఆ రెండు చుట్లూ విప్పింది. నా నలుపు ఒక్క క్షణం పూర్తిగా బయటపడింది, ఆమె బొటనవేలు దానిమీద నుంచి సాగి వెళ్లింది. గుచ్చుకోలేదు. లేదా గుచ్చుకున్నా చెప్పలేదు. రబ్బరును సాగదీసి, వార్డులో విరిగిన కాళ్లకు కట్టినట్టు, ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పేలా బిగించుకుంటూ వచ్చి, కొస మిగిలితే గాలిలోకి చాచింది.

"ఈ కొస పట్టుకోండి."

ప్రవీణ్ కుమార్ చెయ్యి చాచాడు. నేనూ ఎడమచెయ్యి చాచాను. రెండు చేతులు ఆమె ముందు ఉన్నాయి, ఆమెకు ఏదీ కనబడదు. వేలి చివరతో ఒక చేతిని తాకింది, వదిలింది, రెండో దాన్ని తాకింది. కొస నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"వదలకండి. మీ వేళ్లు వేసవిలో కూడా చల్లగానే ఉంటాయి."

వాడు చెయ్యి వెనక్కి తీసుకోవడం చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. ఆమె లాగుతున్నది, నేను పట్టుకొని ఉన్నాను, రబ్బరు మా ఇద్దరి మధ్య బిగుసుకుంటున్నది, ఎంతవరకు బిగించాలో నా ఎడమచేతికి తెలుసు.